గోమార్ల మందు కుక్కకు పడకపోతే: వేయకముందు, వేసిన రోజు, ఆ తర్వాత ఏం చేయాలి

"మాత్ర వేశాం, వణుకుతోంది, ఏం చేయాలి?" ఈ ప్రశ్న నాకు దాదాపు ఎప్పుడూ రాత్రి పది దాటాకే వస్తుంది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఆఫీసు నుంచి వచ్చి కుక్కకు అన్నం కలిపేటప్పుడు గుర్తొచ్చి మాత్ర వేస్తారు. మందు ఒంటికెక్కే వేళకు క్లినిక్ షట్టర్ దించేసి ఉంటుంది.

నేనూ అదే చేశాను. ఓ ఆదివారం రాత్రి మా కర్రిగాడికి మాత్ర వేసి, డబ్బా చెత్తబుట్టలో పడేసి పడుకున్నాం. పొద్దున లేచేసరికి వాడు వాంతి చేసుకుని, వెనక కాళ్ళు తడబడుతూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఫోన్లో డాక్టర్‌గారి మొదటి ప్రశ్న: "ఏం మందు వేశారమ్మా?"

"డబ్బా మీద కుక్క బొమ్మ ఉంటుందండీ."

"అన్నిటి మీదా కుక్క బొమ్మే ఉంటుందమ్మా. మందు పేరు చెప్పండి."

చెత్త బండి అప్పటికే వచ్చి వెళ్ళిపోయింది. కర్రిగాడు రెండు రోజుల్లో కోలుకున్నాడు గానీ, అప్పటినుంచి మా ఇంట్లో ఈ మందులకో పద్ధతి ఏర్పడింది. కింద రాస్తున్నది ఆ పద్ధతే.

## 1. ముందు డబ్బా వెనక్కి తిప్పండి

ముందువైపు ఉండే పెద్ద అక్షరాలు కంపెనీ పెట్టుకున్న పేరు. మనకు కావలసింది వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు. ఒకే మందు నాలుగైదు పేర్లతో దొరుకుతుంది. ఒకదాంతో పడలేదని ఇంకో డబ్బా కొంటే, అందులోనూ అదే ఉండొచ్చు.

బెంగళూరు షాపుల్లో దొరికేవి ఎక్కువగా ఈ గుంపుల్లోకి వస్తాయి.

నమిలే మాత్రలు. అఫోక్సోలానర్, ఫ్లూరలానర్, సరోలానర్, లోటిలానర్. పేరు చివర "లానర్" వస్తే అన్నీ ఒకే కుటుంబం. గోమార్లను, ఫ్లీలను (వెంట్రుకల్లో గెంతే చిన్న పురుగులను) చంపుతాయి. చాలా కుక్కలకు ఏమీ కాదు. కొన్నిటికి మాత్రం వణుకు, తూలడం, ఫిట్స్ రావచ్చని 2018 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ రాని కుక్కకూ రావచ్చు.

గుండె పురుగు మందులు. ఈ పురుగు (హార్ట్‌వార్మ్) దోమ కాటుతో వస్తుంది. దాన్ని ఆపే ఐవర్‌మెక్టిన్, మిల్బెమైసిన్, మాక్సిడెక్టిన్, సెలమెక్టిన్ ఒక కుటుంబం. కోలీ, షెట్‌లాండ్ షీప్‌డాగ్, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లో కొన్నిటికి పుట్టుకతోనే ఒక జన్యులోపం ఉంటుంది. వాటిలో ఈ మందు మోతాదు మించితే మెదడులోకి చేరిపోతుంది.

మెడ మీద వేసే చుక్కలు, స్ప్రేలు. ఫిప్రోనిల్, పర్మెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్. ఎక్కువగా చర్మం దగ్గరే గొడవ: ఎరుపు, దురద, వెంట్రుక ఊడటం. ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్ ఉన్నది తేవద్దు. కుక్కకు పనికొచ్చే మోతాదే పిల్లి ప్రాణం తీస్తుంది.

నీళ్ళలో కలిపి పూసేవి. అమిట్రాజ్, డెల్టామెత్రిన్, సైపర్మెత్రిన్. పశువుల మందుల షాపుకెళ్ళి "ఉణ్ణె" (కన్నడలో గోమారి) మందు కావాలంటే చేతిలో పెట్టేవి ఇవే. నేను చూసిన చెడ్డ కేసుల్లో ఎక్కువ భాగం వీటివే. గేదెకు కలిపే లెక్కన కుక్కకు కలిపేస్తారు.

కొన్ని మాత్రల్లో రెండు మూడు కలిసి ఉంటాయి, ఉదాహరణకు అఫోక్సోలానర్‌తో మిల్బెమైసిన్. అంటే గోమార్లకు, గుండె పురుగుకు, కడుపులో నులిపురుగులకు ఒకటే మాత్ర. అది వేసిన రోజే విడిగా నులిపురుగుల మాత్ర కూడా వేసేవాళ్ళు చాలామంది. అది అనవసరం.

## 2. వేయడానికి ముందు వారం

తూకం వేయండి. అంచనా వద్దు. మీరు ఒక్కరే తూకం మిషన్ ఎక్కండి, తర్వాత కుక్కను ఎత్తుకుని ఎక్కండి, ఆ రెండిటి తేడాయే కుక్క బరువు. మాత్రలు బరువు శ్రేణిని బట్టి వస్తాయి. పెద్ద కుక్క మాత్ర చవకని రెండు ముక్కలు చేసి రెండు చిన్న కుక్కలకు వేయకండి. మందు రెండు ముక్కల్లో సమానంగా ఉంటుందన్న హామీ లేదు.

గుండె పురుగు పరీక్ష. ఏడు నెలలు దాటిన కుక్కకు గుండె పురుగు మందు మొదటిసారి వేస్తున్నా, మధ్యలో కొన్ని నెలలు మానేసి మళ్ళీ మొదలుపెడుతున్నా, ముందు రక్తపరీక్ష చేయించండి. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి.

మన జిల్లాల్లో బోదకాలు మాత్రలు పంచడం గుర్తుందా? కొందరికి మింగిన రాత్రే చలిజ్వరం వచ్చేది. మందు చెడ్డదని కాదు, రక్తంలో ఉన్న పిల్లపురుగులు ఒక్కసారిగా చచ్చి ఒళ్ళు ఎదురుతిరగడం. కుక్కలోనూ అదే జరగొచ్చు. రక్తం నిండా పిల్లపురుగులు ఉండగా మందు పడితే, కొన్ని గంటల్లో నీరసించి కూలబడవచ్చు. అప్పుడు అందరూ మందును తిడతారు. పరీక్ష చేయించి ఉంటే డాక్టర్‌గారు దగ్గరుండి, ముందుగా మందులిచ్చి మొదలుపెట్టేవారు.

సాధారణంగా చేసే కిట్ పరీక్ష పెరిగిన ఆడ పురుగునే పట్టుకుంటుంది. పురుగు కుక్కలో చేరాక అలా తేలడానికి ఆరు నెలల దాకా పడుతుంది. కాబట్టి ఇప్పుడు లేదని వచ్చినా ఆరు నెలల తర్వాత మళ్ళీ చేయిస్తారు.

డాక్టర్‌గారు అడగకపోయినా మీరు చెప్పవలసినవి:

- ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, వాళ్ళ అమ్మకో తోబుట్టువుకో వచ్చాయా
- చర్మంలో ఫంగస్‌కు కీటోకోనజోల్ వాడుతున్నారా (ఇది ఐవర్‌మెక్టిన్‌ను ఒంట్లో నిలవేస్తుంది)
- గజ్జికి ఎక్కువ మోతాదు ఐవర్‌మెక్టిన్ నడుస్తోందా (అలాంటప్పుడు ఫ్లీలకు వేసే స్పైనోసాడ్ మాత్ర కలిస్తే ప్రమాదం)
- కోడి, గొడ్డుమాంసం, సోయా పడవా (రుచికోసం మాత్రలో మాంసం రుచులు, సోయా లాంటివి కలుపుతారు; పడనిది మందో, రుచో తర్వాత తేల్చడం కష్టం)
- చూలుతో ఉందా, పాలిస్తోందా
- మధుమేహం ఉందా (అమిట్రాజ్ రక్తంలో చక్కెర పెంచుతుంది)

## 3. వేసే రోజు

శనివారం పొద్దున. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. ఆ రోజంతా మీరు ఇంట్లో ఉంటారు, క్లినిక్ తెరిచి ఉంటుంది. మరునాడు సెలవు.

వరస ఇలా:

1. ఉదయం మామూలుగా తిప్పి తీసుకురండి. హుషారుగా ఉందా, తింటోందా చూడండి. ఒంట్లో బాగాలేని రోజు మందు వేయకండి, వారం ఆగినా ఫరవాలేదు.
2. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాసుకోండి. ముప్ఫై లోపు ఉండాలి.
3. పై పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు ఫోటో తీసుకోండి. గులాబీ రంగు అంటే అందరికీ ఒకటి కాదు. మీ కుక్క గులాబీ ఏదో మీ దగ్గర ఉండాలి. కర్రిగాడి చిగుళ్ళు సగం నలుపు, వాడికి కింది కనురెప్ప లోపల చూస్తాం.
4. కడుపునిండా తిన్నాక మాత్ర. ఫ్లూరలానర్‌ను, లోటిలానర్‌ను తిండితోనే ఇవ్వాలి. మిగతావాటికీ ఖాళీ కడుపు కంటే ఇదే నయం.
5. మింగిందా, సోఫా కింద ఉమ్మిందా చూడండి.
6. టైము, మందు పేరు, బ్యాచ్ నంబరు, కుక్క బరువు: నాలుగూ ఫోటో తీసి ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెట్టండి. డబ్బా తర్వాతి మోతాదు దాకా దాచండి.

ఆ వారంలో కొత్తగా ఇంకేదీ చేయకండి. టీకా వద్దు, కొత్త తిండి వద్దు, కొత్త షాంపూ వద్దు. ఇంకొకటి, అపార్ట్‌మెంట్లో పెస్ట్ కంట్రోల్ ఎప్పుడో కనుక్కోండి. కారిడార్లో సైపర్మెత్రిన్ కొట్టిన రోజే మీరు మెడ మీద పర్మెత్రిన్ వేస్తే, ఒకే జాతి మందు రెండు వైపుల నుంచి పడుతుంది.

చుక్కల మందయితే స్నానానికి రెండు రోజులు ముందూ వెనకా ఎడం ఉంచండి. వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే, నాలుక అందని చోట, అంటే మెడ వెనక వేయండి. ఇంట్లో రెండు కుక్కలుంటే ఆరేదాకా విడిగా ఉంచండి, ఒకదాన్నొకటి నాకేస్తాయి.

## 4. ఏది మామూలు, ఏది కాదు

ఇంట్లో కూర్చుని చూడగలిగినవి: ఒకటి రెండు వాంతులు, ఒకరోజు పలుచటి విరేచనం, ఒకపూట తిండి మానడం, రోజంతా మగతగా పడుకోవడం. చుక్కల మందు నాకి నోట నురగ కక్కడం చూసి చాలామంది హడలిపోతారు. అది ఎక్కువసార్లు చేదు వల్ల వచ్చే నురగే. నీళ్ళు తాగించండి, తడి తిండి పెట్టండి, అరగంటలో తగ్గాలి.

వాంతిలో మాత్ర ముక్క కనిపిస్తే ఇంకో మాత్ర వేసేయకండి. వేసిన టైము, వాంతి టైము చెప్పి డాక్టర్‌గారిని అడగండి.

అదే రోజు ఫోన్ చేయవలసినవి: మూడుకు మించి వాంతులు, రెండు పూటలు దాటి తినకపోవడం, ఒళ్ళంతా గోకుడు, చుక్క వేసిన చోట పుండు.

వెంటనే బండి ఎక్కించవలసినవి:

- ముఖం, కనురెప్పలు ఉబ్బడం, ఒంటి మీద దద్దుర్లు లేవడం
- తెల్లబడిన లేదా నీలిరంగు తిరిగిన చిగుళ్ళు
- తూలడం, కండరాలు అదురుతూ ఉండటం, పిలిస్తే ఎటో చూడటం
- కంటిపాప పెద్దదైపోయి, గోడలకు గుద్దుకోవడం
- ఫిట్స్
- లేపినా లేవనంత మగత, ఒళ్ళు చల్లబడటం

ఎలర్జీ నిమిషాల నుంచి కొన్ని గంటల్లో బయటపడుతుంది. "లానర్" మాత్రలతో అలా గీత గీయలేం. అవి ఒంట్లో వారాల తరబడి ఉంటాయి, ఫ్లూరలానర్ దాదాపు మూడు నెలలు పనిచేసేది అందుకే. పదిరోజుల తర్వాత ఫిట్స్ వచ్చినా మాత్ర సంగతి డాక్టర్‌గారికి చెప్పాలి.

## 5. పడలేదని తెలిసిన మొదటి అరగంట

మెడ మీద వేసింది, ఒంటికి పూసింది అయితే: కడగండి. చేతులకు గ్లవ్స్, గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే ద్రవం. కుక్క షాంపూ కంటే ఇది మేలు, జిడ్డును లాగేస్తుంది. రెండుసార్లు రుద్ది కడిగి, తుడిచి, దుప్పటి కప్పండి. వేడినీళ్ళు వద్దు, చర్మం మందును ఇంకా పీల్చుకుంటుంది. చన్నీళ్ళూ వద్దు, అమిట్రాజ్ పడినవాటికి ఒళ్ళు ఎలాగూ చల్లబడుతుంటుంది. వణుకు తీవ్రంగా ఉంటే కడుగుతూ కూర్చోకండి, తువ్వాలుతో తుడిచి బయల్దేరండి. మెడకు కట్టే మందు కాలర్ అయితే తీసి, మూత ఉన్న డబ్బాలో పెట్టి వెంట తీసుకెళ్ళండి.

మింగింది అయితే: ఇంట్లో చేయగలిగింది తక్కువ. ఫోన్ చేయడం, వీడియో తీయడం, బయల్దేరడం. ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం మన పెద్దవాళ్ళకు వెంటనే తట్టే ఉపాయం. కుక్కకు ఆ ఉప్పే విషమవుతుంది. తూలుతున్న కుక్కను కక్కిస్తే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఫిట్స్ వస్తే:

1. గడియారం చూడండి.
2. చుట్టూ ఉన్న కుర్చీలు, టీపాయ్ జరపండి. లైటు, టీవీ ఆపండి, ఫ్యాను వేయండి.
3. నోట్లో చెయ్యి, చెంచా, నీళ్ళు ఏవీ పెట్టకండి. తాళంచెవుల గుత్తి, ఉల్లిపాయ కూడా అక్కర్లేదు.
4. ఒకరు వీడియో తీయండి. డాక్టర్‌గారికి మీ వర్ణన కంటే అర నిమిషం వీడియో ఉపయోగం.
5. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా ఎమర్జెన్సీ. ఆగకుండా వస్తుంటే అది ఆగేదాకా ఎదురుచూడొద్దు.

ఎక్కడికి వెళ్ళాలో అప్పుడు వెతుక్కోవద్దు. మారతహళ్ళి నుంచో సర్జాపుర రోడ్డు నుంచో సాయంత్రం ఏడింటికి హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి చేరడమంటే ఎంతసేపో బెంగళూరులో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మీ ఇంటికి అరగంటలో అందే, రాత్రి తెరిచి ఉండే క్లినిక్ ఒకటి, అది కుదరకపోతే ఇంకొకటి ఈ రోజే చూసుకోండి. "రాత్రి డాక్టరు ఉంటారా, రక్తపరీక్ష చేస్తారా, ఆక్సిజన్ ఉందా?" అని ఫోన్లో అడగండి. బోర్డు మీద 24 గంటలని ఉండి, లోపల కాంపౌండర్ ఒక్కడే ఉండే చోట్లూ ఉన్నాయి. క్యాబ్‌వాళ్ళు కుక్కను చూసి వెనక్కి వెళ్ళిపోతారు కాబట్టి కారున్న పొరుగువాళ్ళ నంబరు కూడా రాసిపెట్టుకోండి.

వెంట తీసుకెళ్ళవలసినవి: డబ్బా, వీడియో, పాత ఫైలు, వాంతి చేసుకుంటే కవర్లో కొంచెం.

## 6. ఎక్కువగా జరిగే తప్పులు

పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్. లెక్క మీరే చూడండి. గుండె పురుగు రాకుండా నెలకోసారి ఇచ్చే మోతాదు కిలోకు 6 మైక్రోగ్రాములు. పదిహేను కిలోల కుక్కకు 90 మైక్రోగ్రాములు. పశువుల ఒక శాతం ఇంజెక్షన్‌లో ఒక్క మి.లీ.లో 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. అంటే నూరు రెట్లు పైనే. గజ్జికి డాక్టర్లు ఎక్కువ మోతాదు ఇచ్చే మాట నిజమే, కానీ జాతి చూసి, మెల్లగా పెంచుతూ ఇస్తారు. జన్యులోపమున్న కుక్కకు కిలోకు 100 మైక్రోగ్రాముల దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. మనుషుల 12 మి.గ్రా. మాత్రకూ ఇదే లెక్క. సరైన నెలవారీ మోతాదు మాత్రం ఆ జాతులకు కూడా పడుతుంది, భయపడి మొత్తానికి మానేయకండి.

పాలు, నెయ్యి, కొబ్బరినూనె తాగించడం. విషం విరుగుతుందంటారు. ఈ మందుల్లో చాలావరకు కొవ్వులో కరిగేవి, మీరు వాటికి దారి ఇస్తున్నట్టే.

జలుబు మాత్ర. ఎలర్జీ కదా అని ఇంట్లో ఉన్న సెట్రిజిన్ వేస్తారు. అందులో ముక్కుదిబ్బడ మందు కలిసి ఉంటే కుక్క గుండెకు ముప్పు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కూడా వద్దు. డాక్టర్‌గారు పేరు, మోతాదు చెప్తేనే వేయండి.

కిరోసిన్. ఇప్పటికీ పూస్తున్నారు. చర్మం కాలుతుంది, నాకితే ఊపిరితిత్తులు పాడవుతాయి. గాఢమైన వేపనూనె, వెల్లుల్లి తినిపించడం కూడా "సహజం" పేరుతో జరిగే తప్పులే.

## 7. మందు వల్లేనా?

వణుకు కనబడగానే మాత్ర మీద నేరం మోపడం తేలిక. కానీ ఎవరైనా మాత్ర ఎప్పుడు వేస్తారు? ఒంటి మీద గోమార్లు కనిపించాక. గోమార్లు కనిపించాయంటే ఎర్లీషియా, బబీసియా లాంటి టిక్ ఫీవర్ అప్పటికే ఎక్కి ఉండొచ్చు. అందులోనూ నీరసం, తిండి మానడం, తెల్లటి చిగుళ్ళు ఉంటాయి, అరుదుగా ఫిట్స్ కూడా.

కాబట్టి క్లినిక్‌లో మూడు అడగండి: జ్వరం చూడటం (కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు), ప్లేట్‌లెట్ల లెక్క, రక్తం స్లైడు. బుల్లి జాతి కుక్కపిల్ల అయితే రక్తంలో చక్కెర కూడా. తిండి మానిన చిన్న కుక్కపిల్లలు చక్కెర పడిపోయినా వణుకుతాయి.

మాత్రదే తప్పని మూడు వారాలు ఎదురుచూసి, చివరికి ప్లేట్‌లెట్లు పడిపోయాక వచ్చిన కుక్కను నేను చూశాను. ఆ ఇంటివాళ్ళను తప్పుపట్టలేను, వణుకు మొదలైంది మాత్ర వేసిన రోజే.

## 8. మళ్ళీ మొదలుపెట్టడం

పడని మందు పేరు ఫైలు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాయించండి. బ్రాండు కాదు, అసలు మందు పేరు, కుటుంబం. ఫిట్స్ వచ్చిన కుక్కకు మొత్తం "లానర్" కుటుంబాన్నే పక్కన పెట్టడం మంచిది. డబ్బా మీది కంపెనీ నంబరుకు ఫోన్ చేసి బ్యాచ్ నంబరుతో ఫిర్యాదు నమోదు చేయించండి. డాక్టర్‌గారి చేత చేయిస్తే ఇంకా మేలు.

కొత్త మందు వెంటనే వద్దు. పాతది ఒంట్లోంచి దిగేదాకా ఎంత ఆగాలో డాక్టర్‌గారు చెప్తారు. ఆ మధ్యకాలంలో చేతిపనే మిగులుతుంది:

- రోజూ తిప్పి తెచ్చాక చెవుల లోపల, వేళ్ళ మధ్య, చంకల్లో, తోక కింద, కాలర్ కింద తడమండి.
- గోమారి దొరికితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. వేళ్ళతో నలపకండి. సబ్బునీళ్ళలోనో స్పిరిట్‌లోనో వేయండి.
- ఫ్లీలు ఉన్నాయో లేదో తేలకపోతే సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, రాలిన నల్లపొడిని తడి టిష్యూ మీద వేయండి. ఎర్రగా మారితే అది రక్తం తాగిన ఫ్లీల రెట్ట.
- పరుపు గుడ్డలు వారానికోసారి వేడినీళ్ళలో ఉతకండి.
- గోడ పగుళ్ళు, తలుపు చట్రం, కర్టెన్ మడతలు చూడండి. కుక్క గోమార్లు పైకి పాకి దాక్కుంటాయి, ఒక్క ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. నేల తుడిచి ఊరుకుంటే చాలదు.

గుండె పురుగు మందును మాత్రం నెలలకు నెలలు ఆపేయకండి. గోమార్ల మాత్ర పడకపోతే, గుండె పురుగుకు విడిగా ఉండే మందు అడగండి. రెండూ కలిసిన మాత్ర పడనివాటిలో చాలావాటికి విడిగా ఇస్తే పడుతుంది, ఏది పడలేదో కూడా అప్పుడే తేలుతుంది.

కర్రిగాడికి ఇప్పుడు వేరే కుటుంబం మందు, నెలలో మొదటి శనివారం, పొద్దున ఎనిమిదిన్నరకు. డబ్బా వంటింట్లో పోపుల పెట్టె పక్కన ఉంటుంది. మా అత్తగారు చూసి రెండుసార్లు పారేయబోయారు కాబట్టి, ఇప్పుడు దాని మీద "పారేయకండి" అని మార్కర్‌తో రాసి ఉంచాను.